నాలుగు మొదటి తప్పులు

మస్కట్‌లో మత్రా సూక్ బజారు వెనక సందులో మొయినుద్దీన్ కార్గో దుకాణం ఉంది. శుక్రవారం ఆ సందులో నడవాలంటే ఒళ్ళు పక్కకు తిప్పి నడవాల్సిందే. దారి పొడుగునా అట్టపెట్టెలు. కడప జిల్లా నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు తమ కార్టన్లు అక్కడే పెట్టుకుంటారు. అర్బాబుల, అంటే యజమానుల, ఇళ్ళల్లో వాళ్ళకిచ్చే గదిలో మనిషి పడుకుంటే పెట్టెకు చోటుండదు, పెట్టె పెడితే మనిషికి ఉండదు. అందుకని ప్రతి శుక్రవారం వచ్చి ఒక పాలపొడి డబ్బానో, నాలుగు సబ్బులో, ఒక దుప్పటో అందులో సర్దిపోతారు. పెట్టె నిండాక టేపు వేసి, తాడు కట్టి, తూకం వేసి ఊరికి పంపుతారు.

దుకాణం గోడ మీద మొయినుద్దీన్ పెద్ద అక్షరాలతో ఒక రూలు రాయించాడు. పెట్టె ఎవరిదో వాళ్ళే తెరవాలి, వాళ్ళే మూయాలి, ఇంకెవరూ చెయ్యి పెట్టరాదు. ఒకసారి ఒకామె సెంటు సీసా ఇంకొకామె పెట్టెలో దొరికి, రెండు ఊళ్ళవాళ్ళు చాలాకాలం మాటల్లేకుండా ఉన్నారు. అప్పట్నుంచీ ఆ రూలు. మొయినుద్దీన్ మెత్తటి మనిషి, దుకాణంలో ఈగను కూడా మర్యాదగా తోలతాడు. కానీ ఆ రూలు దగ్గర మాత్రం సుల్తాను చెప్పినా వినడు.

ఈ సందులోనే టీ అంగడి ముందర మనవాళ్ళ మొగుడూ పెళ్ళాల పంచాయితీలు కూడా జరుగుతాయి. పెద్దమనుషులు ముగ్గురు. జయరాముడు మేస్త్రీది రాజంపేట. అతని సైట్లో ఏ శుక్రవారం సెలవిస్తారో ఇంజినీరుకే తెలీదు. పోచన్నది జగిత్యాల పక్క, రుసైల్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నసీరుద్దీన్ కడపలో పుట్టి మస్కట్‌లో తల నెరిసిన టైలరు, పండగ సీజన్ వస్తే మిషను దిగడు. ఎవరికి ఖాళీ దొరికితే ఆ వారం వాళ్ళే తీర్పు చెప్తారు. ముగ్గురూ ఒకచోట కూర్చున్న రోజంటూ లేదు. ముద్దాయి అందరికీ కరక్ చాయ్, సమోసా ఇప్పించాలి. సమోసా వేడి తగ్గేలోగా తీర్పు వచ్చేస్తుంది.

జైనబీకి ఈ తీర్పులంటే ఒళ్ళు మంట. ఆమెది రాయచోటి, అర్బాబు ఇంట్లో వంటమనిషి, నోరు పెద్దది. ఆమె అక్క కూతురు మున్నీ కూడా మత్రాలోనే ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. మున్నీకి నోరే లేదు. ఆ పిల్ల మొగుడు షఫీ, రుసైల్లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు. బరువైన పెట్టెలు ఎంత నేర్పుగా ఎత్తి దించుతాడో చూడాలి. ఆ నేర్పు పెళ్ళాం దగ్గర లేదు.

మొదటిసారి, ఫోను ఛార్జింగు పెట్టలేదని కొట్టాడు. ఆ శుక్రవారం జయరాముడు ఖాళీగా ఉన్నాడు. షఫీ అతని రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"మొదటి తప్పు గదా జైనక్కా, కుర్రోడు. పోనీలే," అన్నాడు మేస్త్రీ సమోసా తుంచుతూ.

రెండోసారి, బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిందని కొట్టాడు. ఆ వారం పోచన్న వచ్చాడు. షఫీ తల నేలకేసి కొట్టుకున్నాడు, కొంచెం మెల్లగా.

"మొదటి తప్పు గదా బిడ్డా. ఒక్కసారికి మాఫ్ చెయ్యాలె," అన్నాడు పోచన్న.

మూడోసారి ఎందుకు కొట్టాడో అతనికే గుర్తులేదు. ఈసారి నసీరుద్దీన్ కూర్చున్నాడు. షఫీ ఏడ్చిన ఏడుపుకు టీ అంగడి మలయాళీ కూడా గరిటె ఆపి చూశాడు.

"అరే, మొదటి తప్పు. జానే దో," అన్నాడు నసీరుద్దీన్.

జైనబీ లేచి నిలబడింది. "సాయిబూ, ఇది మూడోది!"

"నేను చూల్లేదు గదమ్మా. కాగితం ఏమన్నా ఉందా?"

కాగితం! మనిషి ఉన్నాడని నమ్మించడానికే కార్డు చూపాల్సిన దేశంలో బతుకుతున్నాం, చెంపదెబ్బకు కార్డు ఎవరిస్తారు? ప్రతిసారీ కొత్త పెద్దమనిషి, ప్రతిసారీ కొత్త మొదటి తప్పు. ఈ లెక్కన షఫీ చచ్చేదాకా మొదటి తప్పే చేస్తూ పోతాడు. రెండో తప్పు చేసే అవకాశమే వాడికి రాదు.

పైగా ఈ నెలాఖరుకు మున్నీ కాంట్రాక్టు అయిపోతుంది. ఇంటి యజమానురాలు, మున్నీ 'మామా' అని పిలిచే ఆమె, ఇంకో రెండేళ్ళు ఉండమంటోంది. షఫీ మాత్రం రుసైల్ పక్కన రూమ్ తీసుకున్నాడు, ఫ్యామిలీ వీసా పెడతాను, వచ్చేయమంటున్నాడు. పెద్దమనుషులు "మొదటి తప్పే, పోమ్మా" అంటే మున్నీ పోతుంది. ఎదురు చెప్పే పిల్ల కాదు. జైనబీ ఆమెతో కలిసి ఆ రూమ్ చూసొచ్చింది. ఫ్రిజ్ ఉంది, ఏసీ ఉంది, గోడకు రంగు కూడా కొత్తది. తలుపుకు లోపలి గడియ మాత్రం లేదు. ఊడిపోయింది, పెట్టిస్తానన్నాడు షఫీ. బయటి గడియ బాగానే ఉంది.

ఇదంతా తలుచుకుని జైనబీ విసురుగా కదిలింది. దుకాణంలోకి పోయి, కౌంటరుకు దారంతో కట్టిన మార్కర్ పెన్ను లాగింది. దారం తెగింది. ఎదురుగా మున్నీ కార్టన్ ఉంది, సగం నిండి, గుమ్మం పక్కనే, దారిన పోయే ప్రతివాడికీ కనిపించేట్టు. ఒక పక్కన లావు అక్షరాలతో రాసింది:

షఫీ మున్నీని కొట్టినాడు. ఒకటోసారి. మొదటి తప్పని వదిలేసినోరు: జయరాముడు మేస్త్రీ, రాజంపేట.

పెట్టె తిప్పి రెండో పక్కన పోచన్న పేరు, ఊరు రాసింది. మూడో పక్కన నసీరుద్దీన్ పేరు రాసింది. ఇప్పుడు కాగితం కాదు, అట్టే ఉంది.

మొయినుద్దీన్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "అక్కా, ఇదేంటక్కా? పెట్టె మీద అడ్రసు రాసుకోవాలగాని..."

"నీ రూలు చదువు. పెట్టె ఎవరిదో వాళ్ళ ఇష్టం. మున్నీ, ఇది నీ పెట్టేనా?"

మున్నీ తలొంచుకుని, "నాదే పిన్నమ్మా," అంది.

"తుడిచెయ్యమంటావా?"

మున్నీ ఆ అక్షరాల వంక చాలాసేపు చూసింది. "ఉండనీలే," అంది.

అంతే, మరుసటి వారానికి ఆ కార్టన్ మస్కట్ తెలుగువాళ్ళందరికీ చూడదగ్గ స్థలమైపోయింది. కార్నిష్‌కు సముద్రపు గాలి పీల్చుకోవడానికి వచ్చినవాళ్ళు అటుగా వచ్చి, పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి పోయేవాళ్ళు. చదువు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి వినిపించేవాళ్ళు. టీ అంగడి మలయాళీ తన భాషలోకి చెప్పించుకుని, షఫీ టీకి వస్తే చక్కెర వెయ్యడం మానేశాడు. గోడౌన్‌లో షఫీతో పనిచేసే బంగ్లాదేశీ కుర్రాడికి తెలుగు అక్షరం రాదు. వాడు కూడా షఫీ ఎదురుపడితే రెండు చెంపలూ మూసుకుని పక్కకు తప్పుకునేవాడు.

షఫీ దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. పెట్టెను తిప్పిపెట్టాడు. రెండోసారిది కనిపించింది. మళ్ళీ తిప్పాడు, మూడోసారిది కనిపించింది. ఖాళీగా ఉన్న నాలుగో పక్కను వీధివైపు పెట్టి ఊపిరి పీల్చుకునేలోపు ఎవరో ఆడమనిషి దుప్పటి సర్దుకోవడానికి వచ్చి పెట్టెను జరిపింది. మళ్ళీ ఒకటోసారి వచ్చి కూర్చుంది. ముందర వేరే పెట్టెలు పేర్చబోతే, "ఆ పెట్టెలవాళ్ళు ఒప్పుకోవాలి భయ్యా," అన్నాడు మొయినుద్దీన్. రంగు కాగితం చుట్టబోతే, "చెయ్యి పెట్టకూడదు భయ్యా," అని గోడ చూపించాడు.

"అట్లయితే పంపెయ్ అన్నా! ఇప్పుడే పంపెయ్. కార్గో నేనిస్తా."

"సరే. పోవాల్సింది మీ అమ్మ పేరు మీద, రాయచోటికే కదా?"

షఫీ పర్సు తియ్యబోయి ఆగాడు. రాయచోటిలో పెట్టెలు దించేది దస్తగిర్. బండి వీధి మొగలో ఆపి, పెట్టె మీద ఉన్నదంతా మైకులో చదువుతాడు. ఒకరి పెట్టె ఇంకొకరు ఎత్తుకుపోకుండా అదొక జాగ్రత్త. "ఒద్దొద్దు, ఉండనీ," అన్నాడు షఫీ.

ఇంతవరకు జైనబీకి సంబరంగానే ఉంది. కానీ ఆ తర్వాతి గురువారం మున్నీ బజారుకు వస్తే, సందు చివర ఆపి షఫీ నాలుగోసారి కొట్టాడు. నలుగురిలో నా పరువు తీస్తావా అని కొట్టాడు. కొట్టకుంటే పరువు ఉండేదన్న ఆలోచన మాత్రం రాలేదు. మున్నీ వచ్చి కార్టన్ పక్కన కూర్చుంది. చెంప వాచింది. కబురు విని జైనబీ పరుగున వచ్చి, మంచుముక్క గుడ్డలో చుట్టి పెట్టింది. తను రాసిన రాతకు ఈ పిల్ల దెబ్బ తిన్నదే అని మనసు కలుక్కుమంది.

"పెట్టె తీసుకొనిపోయి సముద్రంలో పారేద్దాం మే," అంది.

"ఒద్దు పిన్నమ్మా. పెట్టె లేనప్పుడూ కొట్టినాడు," అంది మున్నీ. "రాత్రి ఫోన్ చేసి ఏడుస్తాడు. అప్పుడు పోదామనే అనిపిస్తాది. పొద్దున లేచి చెంప చూసుకుంటే ఒద్దనిపిస్తాది. ఉంటావా పోతావా అని మామా శనివారం అడుగుతాది. నాకే తెలీడంల్యా."

ఆ శుక్రవారం నేషనల్ డే సెలవు. సైట్లు బంద్, ఫ్యాక్టరీలు బంద్, టైలరు మిషను కూడా బంద్. ఎన్నడూ లేనిది ముగ్గురు పెద్దమనుషులూ టీ అంగడి ముందర మూడు కుర్చీల్లో కూర్చున్నారు. ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. షఫీ తెల్లచొక్కా వేసుకుని, మూడు పళ్ళేల సమోసాలు చెప్పి, ముగ్గురి మధ్యలో చతికిలబడ్డాడు. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలీక మధ్యలో ఉన్నవి పట్టుకున్నాడు. అవి జయరాముడివి.

"మొదటి తప్పు సామీ! ఇంకెన్నడూ చెయ్యను!"

జయరాముడు అలవాటుగా గొంతు సవరించుకున్నాడు. "చూడు జైనక్కా, మొదటి తప్పు గదా..."

"మేస్త్రీ, జర ఆగు," అన్నాడు పోచన్న. "మొదటి తప్పు నేను మాఫ్ చేసిన గద? బతుకమ్మ పండుగ ముంగట."

"మీ ఇద్దరికీ మతిలేదు," అన్నాడు నసీరుద్దీన్. "మొదటిది నా దగ్గరికొచ్చింది. నా ముందర ఏడ్చినాడయ్యా! అట్లాంటి ఏడుపు మనిషికి జన్మలో ఒక్కసారే వస్తాది."

"నా కాళ్ళు పట్టుకున్నాడు, రెండూ!"

"నా ముంగట తల కొట్టుకున్నడు!"

"మెల్లగా కొట్టుకోని ఉంటాడులే."

"అయితే మాత్రం? నెత్తి నెత్తే గద!"

ఎవరి మొదటి తప్పు అసలైన మొదటి తప్పన్న దాని మీద ముగ్గురూ లేచి నిలబడ్డారు. సమోసాలు చల్లారిపోయాయి. షఫీ ఒకరి కాళ్ళు వదిలి ఇంకొకరివి, అవి వదిలి మరొకరివి పట్టుకుంటూ తిరిగాడు. సందంతా నవ్వు. చివరికి పోచన్న, "లొల్లెందుకు, గా డబ్బా మీద రాసి ఉన్నదంట గద, చూద్దాం," అన్నాడు.

ముగ్గురూ వంగి, పెట్టె చుట్టూ తిరుగుతూ చదివారు. ఎవరి పేరు దగ్గర వాళ్ళు ఆగిపోయారు.

ముందుగా తేరుకున్నది జయరాముడు. "మొయినూ, ఈ పెట్టె ఏ దారిన పోతాది?"

"చెన్నైలో దిగి, లారీలో రేణిగుంట, రాజంపేట, ఆమైన రాయచోటి."

"రాజంపేటలో ఆగుతాదా?"

"మీ ఇంటి వెనకే కదన్నా గోడౌన్. దించి వేరే బండికి ఎక్కిస్తారు. ఎక్కించేటప్పుడు పేర్లు చదువుతారు."

జయరాముడి మొహం పాలిపోయింది. "జైనక్కా, నీకు పుణ్యముంటాది, నా పేరు కొట్టెయ్. నా పెండ్లాం ఎనిమిదో క్లాసు చదివింది!"

"నా చేతిలో ఏముంది మేస్త్రీ," అంది జైనబీ తాపీగా. "కంపెనీ మారాలన్నా అర్బాబు దగ్గర ఎన్ఓసీ తెచ్చుకోవాల గదా. పెట్టె మున్నీది. పోయి ఎన్ఓసీ అడుగు."

ముగ్గురు పెద్దమనుషులూ మున్నీ ముందుకు వచ్చి వరసగా నిలబడ్డారు. ఇన్ని పంచాయితీల్లో ఆ పిల్లను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. ఏడ్చేవాణ్ణి అడిగారు, అరిచేదాన్ని అడిగారు, దెబ్బ తిన్నదాన్ని అడగలేదు. ఇప్పుడు ముగ్గురూ చేతులు కట్టుకుని ఆమె నోటి వంక చూస్తున్నారు. మున్నీ ఎర్రబడిపోయి పిన్నమ్మ వైపు చూసింది. జైనబీ కావాలనే ఆకాశం వైపు చూసింది. ఆమె నోరు మూసుకుని ఉండటం ఆ సందులో ఎవరూ అంతకుముందు చూడలేదు.

"కొట్టెయ్యను," అంది మున్నీ, తడబడుతూ. "మీరే సరిగ్గా రాయండి. మొదటి తప్పు కానిచోట కాదని రాయండి. నాకది చాలు."

పోచన్న మార్కర్ అందుకున్నాడు. తన పేరు ముందున్న 'మొదటి తప్పని' కొట్టేసి, పైన 'రెండో తప్పు, నాకెరుక లేదు' అని వంకర అక్షరాలతో రాశాడు. "నా పేరు గట్లనే ఉంచు బిడ్డా. మల్లొకపారి ఆగం కాకుంట యాదికుంటది," అన్నాడు. నసీరుద్దీన్ కూడా దిద్దాడు. జయరాముడిది నిజంగానే మొదటి తప్పు కాబట్టి దిద్దడానికేమీ లేదు. తను ఒక్కడే సరైన తీర్పు చెప్పినవాడినని ఒక్క క్షణం ఛాతీ విరిచాడు. తర్వాత మున్నీ చెంప కనిపించి, ఛాతీ దించేశాడు.

అప్పుడు జైనబీ ఖాళీగా ఉన్న నాలుగో పక్కను ముందుకు తిప్పింది. షఫీ మున్నీని కొట్టినాడు, నాలుగోసారి, వదిలేసినోరు, అని రాసి ఆగింది. మార్కర్‌ను పెద్దమనుషుల వైపు చాచింది.

జయరాముడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నసీరుద్దీన్ టోపీ సర్దుకున్నాడు. పోచన్న తల అడ్డంగా ఊపాడు. సందులో ఉన్నవాళ్ళ ముందు కూడా తిప్పింది. ఎవరూ తీసుకోలేదు. జైనబీ వంగి, 'ఎవరూ లేరు' అని రాసింది. రాస్తుంటే ఆమె కళ్ళు మసకబారాయి. అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

షఫీ లేచి, చొక్కా దులుపుకున్నాడు. గొంతు తగ్గించి, "సరే మున్నీ, నలుగురూ నవ్వినారు, నాకు బుద్ధొచ్చింది. పెట్టె మూసెయ్. రేపు సామాను తెచ్చుకో, రూముకు పోదాం," అన్నాడు.

 మున్నీ పెట్టెలోకి వంగి, పాలపొడి డబ్బాలు లెక్కగా సర్దింది, దుప్పటి పైన పరిచింది. "అన్నా, టేపు," అంది. మూత మూసి టేపు లాగింది. తాడు మొయినుద్దీన్ కట్టాడు, ఆమె ఊఁ అన్నాకనే. తన మాట విన్నదన్న సంబరంలో షఫీ రాయచోటి సంగతే మరిచిపోయాడు, మొహం విప్పారింది.

మూత మీద రెండు చిరునామాలు ఉండాలి. చేరవలసినది ఎప్పుడో రాసి ఉంది, షఫీ అమ్మ పేరు. పంపినవాళ్ళది ఖాళీగా ఉంది. మున్నీ మార్కర్ తీసుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కొక్క అక్షరం నిదానంగా రాసింది. మున్నీ, మామా ఇల్లు, చేపల మార్కెట్టు వెనక, మత్రా.

షఫీ మూడుసార్లు చదివాడు. "అది ఆ ఇల్లు గదా. మన రూమ్ అడ్రసు గదా రాయాల్సింది?"

"ఆ రూముకు గడియ బయటి పక్కనుంది," అంది మున్నీ. "మామా ఇంట్లో నా తలుపుకు లోపలుంది."

షఫీ పెద్దమనుషుల వైపు చూశాడు. ముగ్గురూ చల్లారిన సమోసాలను శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. కాళ్ళు పట్టుకుందామంటే మున్నీ అప్పటికే జైనబీ పక్కకు వచ్చి నిలబడింది. అతను కాసేపు నిలబడి, టీ అంగడివాడు బిల్లు చాపితే తీసుకుని పోయాడు.

"ఇంతా చేసి పెట్టె వాళ్ళమ్మకే పంపుతాండావు గదే?" అంది జైనబీ.

"అత్త ఏం చేసింది పిన్నమ్మా? ఆ పాలపొడి లేకుంటే ఆమెకు టీ దిగదు."

"ఆమెకు చదువు రాదు గదా?"

"దస్తగిర్‌కొచ్చు గదా," అంది మున్నీ. అని, ఆ పిల్ల ఎన్నాళ్ళకో పకపకా నవ్వింది. జైనబీకి ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది. ఏడుపు కప్పిపుచ్చుకోవడానికి మొయినుద్దీన్‌ను తూకం సరిగ్గా వెయ్యలేదని తిట్టింది.

పెట్టె ఓడెక్కింది. జయరాముడు మాత్రం రాజంపేటకు రోజూ ఫోన్ చేసి, ఏమన్నా విశేషాలున్నాయా అని అడిగేవాడు. ఒకరోజు అతని పెళ్ళామే ఫోన్ చేసింది. ఆమె ఏమన్నదో అతను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత పంచాయితీకి ఎవరు పిలిచినా ముందు, "ఇది ఎన్నోసారి?" అని అడగడం మొదలుపెట్టాడు.

రాయచోటిలో పెట్టె దిగిన కబురు మున్నీ ఆడబిడ్డ ఫోన్‌లో చెప్పింది. కార్నిష్ గోడ మీద కూర్చుని, స్పీకర్ పెట్టి, పిన్నమ్మా కూతురూ కలిసి విన్నారు. దస్తగిర్ నాలుగు పక్కలూ చదివాడట. వీధంతా బయటికొచ్చిందట. షఫీ నాయన సిగ్గుతో మసీదుకు పోయి కూర్చున్నాడట.

"అత్త ఏమన్నాది?" అని అడిగింది మున్నీ భయంగా.

"ఏమీ అన్లేదు వదినా. మళ్ళా ఒకసారి చదవమనింది. చదివినంక, సామాన్లు తీసి, పెట్టెను బోర్లించమనింది. అడుగున ఏమీ రాసిల్లేదు గదా, అక్కడ నాయన పేరు రాయమనింది."

జైనబీ ఫోన్ మీదికి వంగింది. "ఎన్నోసారని రాసినావు?"

"అదే అడిగినా పెద్దమ్మా. అమ్మ చానాసేపు ఆలోచన చేసింది. పెట్టె సరిపోదులే, పేరు మటుకు రాయి అనింది. ఇప్పుడు గుమ్మం ముందర పెట్టుకోని, దాని మీదనే కూర్చోని టీ తాగుతాంది."